మొరం, బండ, ఇసుక, నల్లరేగడి: నేల మారితే సైకిల్ తొక్కే తీరూ మారాలి

ఈ వారం అసలు గేర్ల గురించి చేద్దామనుకున్నా. స్క్రిప్ట్ కూడా రెడీ. కానీ మొన్న ఒక తమ్ముడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, పద్నాలుగు వేలు పెట్టి ఎంటీబీ కొన్నా. వచ్చే ఆదివారం నలుగురం అనంతగిరి వెళ్తున్నాం. దిగుడులో ఫుల్ స్పీడ్ రావాలంటే టిప్స్ చెప్పు." సెకండ్ ఇయర్ బీటెక్ అట. ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం భయమేసింది. ఎందుకంటే నాలుగేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న అడిగా. సమాధానం దొరక్క ముందే బయల్దేరా. తర్వాత పది వారాలు కుడి చేతికి కట్టుతో, ఎడమ చేత్తో కోడ్ టైప్ చేసుకుంటూ కూర్చున్నా. ఆ కథ మధ్యలో చెప్తా. గేర్లు వచ్చే వారం చూద్దాం.

తమ్ముడూ, ముందు నీ సైకిల్ గురించి ఒక మాట. మన దగ్గర ఎంటీబీ అని అమ్మేవాటిలో చాలావరకు ఎంటీబీ లుక్ ఉన్న సైకిళ్ళే. లావు టైర్లు ఉంటాయి, ముందు స్ప్రింగ్ ఉంటుంది, ఫొటోలో అదిరిపోతుంది. కానీ మాన్యువల్ తీసి చదివితే, జంపులకీ కఠినమైన కొండదారికీ వాడకూడదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నువ్వు చదవలేదని నాకు తెలుసు, నేనూ చదవలేదు. అంటే ఆ సైకిల్ వేస్ట్ అని కాదు. మట్టిరోడ్డు, పొలం బాట, అడవిలో జీపు నడిచే దారి, ఇవన్నీ హాయిగా తిరగొచ్చు. ఎగరడం మాత్రం వద్దు. ఫ్రేమ్‌కో ఫోర్క్‌కో పగులు వచ్చినా ముందుగా చెప్పదు, విరిగాకే తెలుస్తుంది.

బయల్దేరే ముందు రెండు నిమిషాల పని. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడండి, జరుగుతుంటే స్టెమ్ బోల్టులు లూజు. రెండు చక్రాల బిగింపు చూడండి. సైకిల్‌ని అడుగు ఎత్తు నుంచి కింద వదలండి, ఏదైనా గలగలమంటే అది ఏంటో కనిపెట్టాకే కదలండి. హెల్మెట్ కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన ఉండాలి. నుదురు మొత్తం కనిపించేలా వెనక్కి పెట్టుకుంటే ఫొటో బాగా వస్తుంది, కానీ ముఖం మీద పడితే అది ఎందుకూ పనికిరాదు.

గాలి గురించి చెప్పకపోతే మిగతాదంతా వేస్ట్. పంక్చర్ షాపు అన్న దగ్గరికి వెళ్తే టైరు రాయిలా అయ్యేదాకా కొట్టి పంపిస్తాడు. ఆయన తప్పు కాదు, రోడ్డు మీద అదే మంచిది. టైరు పక్కన మ్యాక్స్ 65 పీఎస్ఐ అని రాసి ఉంటే అది హద్దు మాత్రమే, అంత కొట్టమని కాదు. మట్టిలో టైరు కొంచెం మెత్తగా ఉండాలి, రాయి తగిలితే దాని చుట్టూ ఒదగాలి, అప్పుడే పట్టు. నేను దాదాపు 70 కిలోలు ఉంటా. 2.2 అంగుళాల ట్యూబ్ టైర్లకి ముందు 26, వెనక 29 దగ్గర పెడతా. మీరు బరువైతే కొంచెం పెంచండి. మరీ తగ్గిస్తే రాయి అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా కనిపిస్తే ముల్లు కాదు, గాలి తక్కువైందని అర్థం.

సరే, ఇప్పుడు అసలు సంగతి. కొండ మీద సైకిల్ తొక్కడం అంటే ఎక్కువసేపు సీటు మీద కూర్చోకపోవడమే. కబడ్డీలో రైడర్ మీదకి వస్తుంటే డిఫెండర్ ఎలా నిలబడతాడు? మోకాళ్ళు కొంచెం వంగి, నడుం వెనక్కి, ఛాతీ కిందికి, చేతులు పక్కలకి, కళ్ళు ఎదుటివాడి మీద. అచ్చం అదే. పెడల్స్ రెండూ నేలకి సమానంగా పెట్టి, వాటి మీద నిలబడండి. ఒక పెడల్ కిందకి ఉంటే రాయికి కొట్టుకుంటుంది. మోచేతులు బయటికి వంచండి. బరువంతా పాదాల మీదే. చేతుల మీద కాదు.

బరువు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక చిన్న టెస్ట్. ఆ పొజిషన్‌లో మెల్లగా వెళ్తూ హ్యాండిల్ మీద వేళ్ళని కీబోర్డ్ టైప్ చేసినట్టు ఆడించండి. ఆడితే బరువు కాళ్ళ మీదుంది. ఆడకపోతే మీరు హ్యాండిల్‌కి వేలాడుతున్నారు. హ్యాండిల్‌కి వేలాడేవాడి ముందు చక్రం ప్రతి రాయికీ వాడి చేతుల్ని లాగేస్తుంది. కాళ్ళ మీద నిలబడ్డవాడి కింద సైకిల్ గుర్రంలా ఎగిరిపడుతుంది కానీ పైన మనిషి ప్రశాంతంగా ఉంటాడు. ఫారిన్ వీడియోల్లో రైడర్ల తల కదలకుండా సైకిల్ మాత్రమే కింద డ్యాన్స్ చేయడం చూశారుగా, సీక్రెట్ ఇంతే. దిగుడు మొదలయ్యే ముందు సీటుని నాలుగు వేళ్ళ వెడల్పైనా దించుకోండి, నడుం కదలడానికి చోటుండాలి. ఎక్కేటప్పుడు మళ్ళీ లేపాలి. బద్ధకం వేస్తుంది, అయినా లేపాలి. ఖరీదైన సైకిళ్ళలో దీనికి బటన్ ఉంటుంది. మనకి చేతులున్నాయి.

కళ్ళ సంగతి ఇంకోటి. గుంతని చూస్తే గుంతలోకే వెళ్తాం. ఇది సామెతలా అనిపిస్తుంది కానీ నిజంగానే చూపు ఎటుంటే భుజాలు అటు, భుజాలు ఎటుంటే హ్యాండిల్ అటు. చక్రం ముందున్న రాయిని మూడు సెకన్ల కిందటే చూసి ఉండాలి. ఇప్పుడు చూడాల్సింది వచ్చే పది పదిహేను మీటర్లు.

ఇక బ్రేకులు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే నా చెయ్యి పోయింది ఇక్కడే.

ముందు బ్రేక్ పట్టుకుంటే పల్టీ కొడతావురా అని చిన్నప్పుడు మనందరికీ చెప్పారు. దాంతో జీవితాంతం వెనక బ్రేకే వాడతాం. కానీ సైకిల్ ఆగేటప్పుడు బరువు ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి పట్టు ఎక్కడిది? అది జారుకుంటూ పోతుంది, మనం ఆగం. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే. పల్టీ కొట్టించేది ముందు బ్రేక్ ఒక్కటే కాదు, ఒక్కసారిగా నొక్కడం, దానికి తోడు శరీరం ముందుకి పడి ఉండటం. కాబట్టి ఒక్క చూపుడు వేలితో, మెల్లగా పిండుతూ, అదే సమయంలో మడమలు కిందికి దించి, నడుం వెనక్కి జరపాలి. మిగతా మూడు వేళ్ళు హ్యాండిల్ పట్టుకునే ఉండాలి.

ఈ ఆట మొదలైందే బ్రేకులతో. కాలిఫోర్నియాలో మెరిన్ కౌంటీ అనే చోట 1976లో కొంతమంది కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళతో కొండ మీద నుంచి దిగే రేసులు పెట్టుకున్నారు. వాటికి పెడల్ వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేక్ ఉండేది. కిందకి వచ్చేసరికి హబ్బు వేడెక్కి లోపలి గ్రీజంతా పొగైపోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకే ఆ రేసు పేరే రీప్యాక్. ఆ సైకిళ్ళే మెరుగై మెరుగై 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ అనే ఈవెంట్ అయ్యాయి. ఇరవై ఏళ్ళలో పాత ఇనప సామాను నుంచి ఒలింపిక్స్‌కి!

ఇప్పుడు నా కథ. మన దేశంలో అమ్మే సైకిళ్ళకి చాలావరకు కుడి చేతికి ముందు బ్రేక్ ఉంటుంది. బయటి నుంచి తెప్పించుకున్న కొన్నిటికి ఎడమ చేతికి ఉంటుంది. ఇది నాకు తెలియదు. అప్పట్లో గచ్చిబౌలిలో జాబ్. శనివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టల దగ్గర ఫ్రెండ్ తన కొత్త సైకిల్ ఇచ్చి, "ఒక రౌండ్ వెయ్ రా" అన్నాడు. చిన్న బండ దిగుడు, మనిషి ఎత్తు కూడా లేదు. సగం దిగాక కొంచెం స్పీడైంది, భయమేసి ఎడమ చేత్తో గట్టిగా నొక్కా, వెనక బ్రేక్ అనుకుని. అది ముందుది. హ్యాండిల్ మీదుగా ఎగిరి అరచేయి ఆనించి పడ్డా.

పడ్డప్పుడు పెద్ద నొప్పి లేదు. హాస్పిటల్‌కి వెళ్తే ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, బెణికింది అన్నారు, నేను సంబరపడ్డా. కానీ బొటనవేలి మొదట్లో, వేలు పైకెత్తితే ఒక చిన్న గుంట పడుతుంది చూడండి, అక్కడ నొక్కితే ప్రాణం పోయేది. పన్నెండు రోజుల తర్వాత వేరే డాక్టర్ మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉంది. ఈ ఎముకకి రక్తం సరఫరా తక్కువ, అతుక్కోవడం ఆలస్యం. మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం కూడా మామూలే అట. అందుకే చెప్తున్నా, చెయ్యి ఆనించి పడి ఆ గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే క్లీన్ అన్నా సరే, వారం పది రోజుల్లో మళ్ళీ చూపించుకోండి. మా అమ్మ బాపట్ల నుంచి వచ్చి పది వారాలు అన్నం కలిపి పెట్టింది. రోజూ ఒకటే మాట, "ఇంజనీరింగ్ చదివించాం గానీ సైకిల్ తొక్కడం నేర్పించలేదురా నీకు." నిజమే కదా, ఏం సమాధానం చెప్తాం?

కాబట్టి ఎవరి సైకిల్ ఎక్కినా మొదటి పని, చదునుగా ఉన్న చోట నెట్టుకుంటూ ఏ చేతికి ఏ బ్రేకో చూసుకోవడం. ఐదు సెకన్లు.

సరే, నేల సంగతికి వద్దాం. అనంతగిరి వైపు మీకు ఎక్కువగా తగిలేది ఎర్రమట్టి, దాని మీద గుండ్రటి చిన్న గులకలు. గచ్చు మీద జొన్నలు పోసి నడిచినట్టు ఉంటుంది. ఇక్కడ పడేవాళ్ళందరూ మలుపులోనే పడతారు. ఎందుకో చెప్తా. టైరుకి నేల ఇచ్చే పట్టు మొత్తం వంద రూపాయలనుకోండి. బ్రేక్‌కి ఎనభై ఖర్చు పెడితే మలుపు తిరగడానికి ఇరవై మిగులుతుంది. తారురోడ్డు మీద మీ జేబులో వెయ్యి ఉంటుంది, అందుకే ఎలా తొక్కినా నడిచిపోతుంది. గులకల మీద నిజంగానే వందే. కాబట్టి బ్రేక్ పని మొత్తం మలుపు ముందే, నిటారుగా వెళ్తున్నప్పుడే అయిపోవాలి. మలుపులోకి వెళ్ళాక బ్రేక్ వదిలేయండి. బయటి వైపు పెడల్ కిందికి పెట్టి దాని మీద గట్టిగా నిలబడండి. సైకిల్‌ని లోపలికి వంచండి, మీరు మాత్రం దానికంటే నిటారుగా ఉండండి. బైక్ రేసులో మోకాలు నేలకి తాకించేవాళ్ళని చూసి సైకిల్‌తో పాటు మీరూ వాలిపోతే, టైరు జారిన క్షణంలో సర్దుకునే ఛాన్సే ఉండదు.

బండలు వేరే కథ. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, ఎండిన రోజున దాని మీద పట్టు చూస్తే ఆశ్చర్యపోతారు, గరుకు కాగితంలా పట్టుకుంటుంది. నిటారుగా కనిపించే బండ కూడా ఎక్కేయొచ్చు. మోసం చేసేది రెండు చోట్ల. ఒకటి, పొట్టులా లేచిన పెచ్చులు, బండ మీద రాలిన సన్నటి రవ్వ. రెండు, వాన. నల్లటి చారలు కట్టిన చోట నాచు ఉంటుంది, తడిస్తే సబ్బు. తడి బండ మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేక్ నొక్కొద్దు, నిటారుగా దాటేయండి. దాటలేం అనిపిస్తే దిగి నడవండి. నడవడం ఓడిపోవడం కాదు, నేను ఇప్పటికీ నడుస్తా.

రాళ్ళ గుట్ట మధ్యలో దారి ఉంటే మరీ మెల్లగా వెళ్ళడమే ప్రమాదం. స్పీడు లేని చక్రం ప్రతి రాయి దగ్గరా ఆగిపోతుంది. జాగింగ్ చేసేంత స్పీడు ఉంచి, పెద్ద రాయి వచ్చినప్పుడు ఒకసారి కిందికి కుంగి చేతులతో లాగకుండా నడుంతో వెనక్కి ఊగితే ముందు చక్రం తేలిపోతుంది. దీన్ని మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ దగ్గర నేర్చుకోవచ్చు. రోజుకి ఇరవై సార్లు, ఒక వారం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇసుక విషయంలో నేను కొంచెం గొప్పలు చెప్పుకోవచ్చు, మాది బాపట్ల కాబట్టి. సూర్యలంక బీచ్‌లో నేర్చుకున్నదే చెప్తా. పొడి ఇసుకలోకి దిగే ముందే ఒకటి రెండు గేర్లు తేలిక చేసుకోండి. లోపలికి వెళ్ళాక మారిస్తే చైన్ కరకరలాడుతుంది. బరువు కొంచెం వెనక్కి, ముందు చక్రం తేలిగ్గా, చేతులు వదులుగా. హ్యాండిల్ అటూఇటూ తిరుగుతుంటుంది, తిరగనివ్వండి, కాళ్ళు మాత్రం ఆగకూడదు. ముందు బ్రేక్ ముట్టుకుంటే చక్రం కూరుకుపోయి అక్కడే కూలబడతారు. పడినా ఇసుకే కదా, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కాకపోతే ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి చైన్‌కి నూనె వెయ్యాలి. ఒక్క రాత్రి వదిలేస్తే ఉప్పు పని ఉప్పు చేస్తుంది.

నల్లరేగడి తడిస్తే ఏ టెక్నిక్ వాడాలి అని చాలామంది అడుగుతారు. టెక్నిక్ లేదు. గుంటూరు, ప్రకాశం వైపు పొలాల్లో పుట్టినవాళ్ళని అడగండి, వాన పడ్డాక చెప్పులే మోయలేం, ఇంక సైకిల్ ఎక్కడ. పది అడుగుల్లో టైరు, బ్రేకు, ఫ్రేము అన్నీ ఒకే ముద్ద అయిపోతాయి. అప్పుడు బలంగా తొక్కితే వెనక గేర్లు మార్చే డిరైలర్ విరిగి చువ్వల్లో పడుతుంది. పుల్లతో గీకి, గట్టు మీద గడ్డి ఉన్న పక్క నడిపించుకుని రండి. అదే నేల ఎండాక ట్రాక్టర్ గాళ్ళు గట్టిపడి లోతుగా మిగులుతాయి. గాడిలో పడ్డాక మెల్లగా పక్కకి తిప్పి బయటికి రావాలని చూస్తే టైరు గోడకి రాసుకుని పడిపోతాం. దూరంగా చూస్తూ గాడిలోనే వెళ్ళండి, తక్కువ లోతు ఉన్న చోటు చూసి ఎక్కండి. దాటాల్సి వస్తే అడ్డంగా, సూటిగా దాటండి.

ఎక్కుడు గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే ఎక్కేటప్పుడు పడినా మెల్లగా పడతాం. గేరు ముందే తగ్గించండి. సీటు ముందు కొస మీద కూర్చుని ఛాతీ హ్యాండిల్ వైపు దించండి. లేచి నిలబడి తొక్కితే గులకల మీద వెనక చక్రం గిర్రున తిరిగిపోతుంది. మధ్యలో ఆగిపోతే మళ్ళీ నిటారుగా ఎక్కడం మొదలెట్టకండి, దారికి కొంచెం అడ్డంగా స్టార్ట్ చేసి తర్వాత తిప్పండి.

ఫారిన్ వీడియోల్లో ఎవరూ చెప్పనివి మన దగ్గర కొన్ని ఉన్నాయి. సర్కారు తుమ్మ ముల్లు టైరుని కాదు, చెప్పుని కూడా చీలుస్తుంది. పల్లేరు కాయలు దారి మీదే ఉంటాయి. రెండు స్పేర్ ట్యూబులు, పంపు, ప్యాచ్‌లు లేకుండా వెళ్ళొద్దు. ముల్లు పీకాక టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడిమి కొస మిగిలిందేమో చూడండి, లేదంటే కొత్త ట్యూబు కూడా ఐదు నిమిషాల్లో పోతుంది. కుక్క వెంటపడితే స్పీడు పెంచొద్దు, దిగి సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నిలబడండి, చాలావరకు దానికి ఇంట్రెస్ట్ పోతుంది.

అన్నిటికంటే సీరియస్ విషయం కరెంటు తీగలు. అడవి పందుల కోసం కొన్ని చోట్ల పొలాల చుట్టూ సన్న తీగ కట్టి కరెంటు ఇస్తారు. చట్టవిరుద్ధమే, అయినా ప్రతి ఏడాదీ వీటికి మనుషులు బలవుతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. చీకటి పడితే ఆ తీగ కనపడదు. కాబట్టి షార్ట్‌కట్ అని పొలం గట్ల మీదకి వెళ్ళొద్దు, పొద్దు వాలే లోపే రోడ్డెక్కాలి. అడవిలోకి వెళ్ళేముందు ఫారెస్ట్ వాళ్ళని అడగండి, మూసి ఉన్న దారుల్లోకి దూరొద్దు. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఫ్రెండ్‌కి కాదు, ఇంట్లో. ఫ్రెండ్ మీతోనే ఉంటాడు.

ఇప్పుడు తమ్ముడూ, నీ ప్రశ్న. అనంతగిరి వెళ్ళొచ్చా? వెళ్ళు. కానీ వచ్చే ఆదివారం కాదు, ఒక నెల ఆగి. ఈ నెలలో మీ కాలేజీ గ్రౌండ్‌లో, మట్టి ఉన్న మూల చూసుకుని, సున్నంతో ఒక గీత గియ్యి. గీత దగ్గర బ్రేక్ వేసి, టైర్లు జారకుండా ఎంత దగ్గరలో ఆగగలవో చూడు. మొదటి రోజు ఎన్ని అడుగులు పట్టిందో రాసిపెట్టుకో. సగానికి తగ్గిన రోజున నాకు మెసేజ్ చెయ్. అనంతగిరిలో మొదటిసారి దిగేటప్పుడు దారంతా ఒకసారి నడిచి చూడండి, తర్వాత మెల్లగా తొక్కండి, ఆ తర్వాత మీ ఇష్టం. నలుగురూ ఒకరి వెనక ఒకరు అతుక్కుని రావొద్దు, ముందువాడు పడితే మిగతా ముగ్గురూ వాడి మీదే. మధ్యలో ఐదారు సైకిళ్ళ దూరం ఉండాలి. 108 నంబర్ అందరికీ తెలుసు, కానీ వాళ్ళకి చోటు చెప్పగలగాలి, కాబట్టి దగ్గరి ఊరి పేరు గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి మర్చిపోయా. నీ సైకిల్‌కి ఏ చేతికి ముందు బ్రేక్ ఉందో ఇప్పుడే, ఈ వీడియో ఆపి చూసిరా. మిగతావాళ్ళు కూడా. వచ్చే వారం గేర్లు, ప్రామిస్. ఉంటా మరి, బై.